కుడివైపు కుంగిన ఎం.జి.బి.: కొత్త కమాన్లా, కొలిమిలో కాల్చిన కమాన్లా?

ప్రశ్న: మాది తిరుపతి. మా మేనమామ గారు చెన్నైలో ఇరవై ఏళ్లకు పైగా వాడిన 1971 నాటి ఎం.జి.బి. రోడ్‌స్టర్, అంటే కప్పు తెరిచి నడిపే రెండు సీట్ల ఇంగ్లీషు కారు, ఇప్పుడు నా చేతికి వచ్చింది. కారు వెనుక భాగం బాగా దిగిపోయింది, అందులోనూ కుడివైపు ఎక్కువగా కుంగింది. ఇటీవల ఇద్దరం సామానుతో బెంగళూరు వెళ్లి తిరిగి వస్తుండగా మొగిలి ఘాట్‌లో ఒక ఎడమ మలుపు దగ్గర వెనుక నుంచి గట్టిగా దెబ్బ వినిపించి, కారు తోక పక్కకు జరిగినట్టు అనిపించింది. ఇక్కడి కమాన్ల (లీఫ్ స్ప్రింగుల, అంటే కారు వెనుక బరువు మోసే ఉక్కు పట్టీల కట్టల) మేస్త్రీ గారు మూడు దారులు చెప్పారు. ఉన్న కట్టలనే కొలిమిలో కాల్చి వంపు పెట్టడం ఒకటి, లారీ పట్టీ ఒకటి అదనంగా వేయడం రెండోది, యాక్సిల్‌కూ కమానుకూ మధ్య ఇనుప దిమ్మ పెట్టి ఎత్తు లేపడం మూడోది. షాక్ అబ్సార్బర్లు మారిస్తే చాలని ఒక మిత్రుడు అంటున్నాడు. ఇంగ్లండ్ నుంచి కొత్త కమాన్లు తెప్పించడం భారంగా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: మీ మేస్త్రీ గారు చెప్పిన మూడో దారికి ముందుగా జవాబు చెప్పాలి, ఎందుకంటే నా సమాధానం మీకు చేరేలోపు ఆయన ఆ దిమ్మలు పెట్టేస్తే మీ కారు లేవకపోగా ఇంకా కిందికి దిగుతుంది. లారీల్లో సాధారణంగా కమాన్ కట్ట యాక్సిల్ మీద కూర్చుంటుంది కాబట్టి, ఆ రెండింటి మధ్య ఏది పెట్టినా కట్ట పైకి జరిగి, దాన్ని పట్టుకున్న బాడీ కూడా లేస్తుంది. ఎం.జి.బి.లో ఏర్పాటు దీనికి తలకిందులు. అక్కడ కట్ట యాక్సిల్ కింది నుంచి పోతుంది, యాక్సిల్ దాని మీద కూర్చుంటుంది. మధ్యలో దిమ్మ పెడితే కట్ట నేలవైపు జరుగుతుంది, దాని రెండు చివరలకు తగిలించి ఉన్న బాడీ కూడా దాంతో పాటే దిగుతుంది. 1974 చివరి నుంచి నల్ల రబ్బరు బంపర్లతో వచ్చిన ఎం.జి.బి.లను అమెరికా నిబంధనల కోసం ఎత్తు పెంచి తయారు చేశారు, ఆ ఎత్తు నచ్చనివాళ్లు కారును దించుకోవడానికి వాడేవి సరిగ్గా ఈ దిమ్మలే. మేస్త్రీ గారిని తప్పు పట్టడానికి లేదు, చిత్తూరు, తిరుపతి దారుల్లో ఆయన చేతికి వచ్చే బండ్లలో నూటికి తొంభై తొమ్మిది వంతులు లారీలూ ట్రాక్టర్ ట్రాలీలే కదా. అయినా కారు కిందికి ఒకసారి వంగి, యాక్సిల్ పైనుందో కిందుందో ఆయనకు చూపించండి, మిగిలిన మాటంతా సులువవుతుంది.

ఘాట్‌లో జరిగిన సంగతి నాకు ఆందోళన కలిగించింది. ఎడమకు తిరిగేటప్పుడు బరువంతా కుడివైపు పడుతుంది, మీ కారులో అప్పటికే కుంగి ఉన్నది కూడా ఆ వైపే. యాక్సిల్ పైన బాడీకి ఒక గట్టి రబ్బరు దిమ్మ ఉంటుంది, కమాను ఎంత వంగినా యాక్సిల్ బాడీని తాకకుండా అడ్డుకోవడం దాని పని. కమానుకు కదలడానికి చోటు మిగలనప్పుడు యాక్సిల్ వెళ్లి దానికి కొట్టుకుంటుంది, మీరు విన్న చప్పుడు బహుశా అదే. చప్పుడు ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. కానీ ఆ క్షణంలో వెనుక కుడి మూల మెత్తని స్ప్రింగు నుంచి ఒక్కసారిగా బండరాయిలా గట్టిపడుతుంది, ఆ చక్రం మీద భారం తటాలున పెరుగుతుంది, టైరు పట్టు తప్పి తోక బయటికి జారుతుంది. ఆ రబ్బరు కింది అంచున, యాక్సిల్ మీద దానికి ఎదురుగా ఉన్న చోట మెరిసే ఒరిపిడి గుర్తులు ఉన్నాయేమో చూడండి. ఉంటే, పని పూర్తయ్యేవరకు ఈ కారుతో మొగిలి గానీ భాకరాపేట గానీ దిగవద్దు, ఊళ్లో ఒక్కరే నెమ్మదిగా తిప్పుకోండి.

షాక్ అబ్సార్బర్ల సంగతి రెండు మాటల్లో ముగుస్తుంది. మీ కారువి చేయి ఆకారంలో లీవరు ఉండే పాతకాలపు హైడ్రాలిక్ డ్యాంపర్లు, అవి కదలికను నెమ్మదింపజేస్తాయే తప్ప కారు బరువును మోయవు. వాటిలో నూనె ఒక్క చుక్క లేకపోయినా నిలబెట్టిన కారు ఎత్తు వెంట్రుకవాసి కూడా మారదు. నూనె కారుతుంటే బాగు చేయించండి, కానీ కుంగుబాటుకు మందు అక్కడ లేదు.

ఇక అసలు విషయానికి ముందు ఒక కొలత అవసరం. వెనుక కుడివైపు కుంగిన ప్రతి కారులోనూ దోషం వెనుక కుడి కమానుదే కానక్కరలేదు, ముందు ఎడమ లేదా కుడి కాయిల్ స్ప్రింగు తేడా కూడా బాడీని ఒరిగించి వెనుకకు చూపిస్తుంది. చదునైన గచ్చు మీద కారు నిలిపి, నాలుగు టైర్లలో గాలి సరిచేసి, బూట్‌లో సామాను తీసేసి, కారును రెండడుగులు ముందుకూ వెనక్కూ చేత్తో నెట్టి వదలండి. తర్వాత చక్రం మధ్య బిందువు నుంచి మడ్‌గార్డు వంపు అంచు వరకు నాలుగు చోట్లా టేపుతో కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి చక్రం మధ్య నుంచే కొలవాలి. ఇప్పుడు వెనుక చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టి, ముందు సస్పెన్షన్‌ను మోసే క్రాస్‌మెంబర్ సరిగ్గా మధ్యలో, చిన్న చెక్క ముక్క ఆనించి జాకీతో ముందు చక్రాలు నేల విడిచే వరకు లేపండి. అప్పుడు కారు ముందు భాగం ఒకే బిందువు మీద ఆని ఉంటుంది కాబట్టి, ఎటు ఒరగాలో నిర్ణయించేది వెనుక కమాన్లు మాత్రమే. ఆ స్థితిలో వెనుక కొలతలు మళ్లీ తీయండి. కుడివైపు ఇంకా తక్కువే ఉంటే దోషం వెనుకదే, రెండు వైపులా సమానంగా వస్తే మీరు ముందు స్ప్రింగుల వైపు చూడాలి. ఈ పరీక్ష సాగుతున్నంతసేపూ ఎవరూ కారు కిందికి వెళ్లకూడదు.

మీ విషయంలో వెనుక కుడి కమానే దోషిగా తేలుతుందని నా ఊహ. స్టీరింగు కుడివైపున ఉన్న రెండు సీట్ల కారులో ఏళ్ల తరబడి డ్రైవరు ఒక్కరే కూర్చుని తిరుగుతారు కాబట్టి ఆ వైపు కట్ట ముందుగా అలసిపోవడం ఎక్కువగా కనిపిస్తుంది. రెండు వైపుల మధ్య ఒక సెంటీమీటరు తేడాను ఇంత పాత కారులో నేను పట్టించుకోను, రెండు సెంటీమీటర్లు దాటితే మాత్రం ఊరుకోను. ఇంకొక మాట. కారు బరువు మోస్తున్నప్పుడు కట్ట దాదాపు చదునుగా కనిపించడం ఈ కారులో దోషం కాదు. మన కళ్లు లారీ కమాన్ల విల్లు వంపుకు అలవాటు పడ్డాయి గనుక చదునుగా ఉన్న కట్టను చూడగానే పోయిందనుకుంటాం. ఖాళీ కారులోనే మధ్య భాగం పైకి లేచి, రెండు చివరలు కిందికి వంగి, వంపు తిరగబడి కనిపిస్తే అది పోయిన కట్ట.

ఇప్పుడు లారీ పట్టీ సంగతి. ఒక పట్టీ ఎంత గట్టిగా నిలుస్తుందనేది దాని మందం మీద ఆధారపడుతుంది, అదీ మామూలు లెక్కలో కాదు, మందం ఘనం లెక్కలో. పట్టీ వెడల్పూ పొడవూ అవే ఉంచి మందం రెట్టింపు చేస్తే గట్టితనం ఎనిమిది రెట్లవుతుంది. అంటే మీ కట్టలోని సన్నని పట్టీలకు రెండింతల మందం ఉన్న లారీ పట్టీ ఒక్కటి దూర్చడం, ఒక పట్టీ చేర్చినట్టు కాదు, ఎనిమిది పట్టీలు చేర్చినట్టు. అలాంటి కట్టతో కారు లేచి నిలబడుతుంది, చూపుకు బాగుంటుంది కూడా. కానీ టన్ను బరువు కూడా లేని కారు వెనుక భాగం గతుకుల మీద గెంతుతుంది, మలుపులో ముందు భాగం కంటే వెనుక భాగం గట్టిదై తోక జారే గుణం తగ్గకపోగా పెరుగుతుంది. మీకు ఘాట్‌లో ఏ భయం కలిగిందో దాన్ని కారులో శాశ్వతంగా బిగించుకున్నట్టే అవుతుంది. అంబాసిడర్ పట్టీల గురించి కూడా ఎవరైనా చెప్పవచ్చు, రెండు కార్ల ఇంజన్లూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బి.ఎం.సి.) వారి బి-సిరీస్ అనే ఒకే కుటుంబానికి చెందినవన్న మాట నిజమే, ఆ చుట్టరికం కమాన్ల దాకా రాదు.

మిగిలింది కొలిమి. దీని గురించి కొంచెం విస్తరించి చెబుతాను, ఎందుకంటే మన జిల్లాల్లో చౌకగా, చేతికి అందేలా ఉన్న దారి ఇదే, సరిగ్గా చేస్తే పనికొచ్చే దారి కూడా ఇదే, కానీ సరిగ్గా చేసేవాళ్లు అరుదు.

పాత కమాను కుంగిందంటే 'పదును పోయింది, మెత్తబడింది' అంటారు. నిజానికి ఉక్కు స్థితిస్థాపక గుణం వయసుతో మారదు. పట్టీలు తుప్పుకు సన్నబడకుండా, విరగకుండా ఉన్నంతవరకు కుంగిన కట్ట కూడా ఒక అంగుళం వంగడానికి కొత్త కట్ట అడిగినంత బరువే అడుగుతుంది. మారింది దాని విశ్రాంతి ఆకారం. ఏళ్ల తరబడి బరువు కింద, గుంతల దెబ్బల కింద ఉక్కు కొద్దికొద్దిగా లొంగి, వెనక్కి రాని వంపును పొందింది. కాబట్టి ఆ వంపును తిరిగి పెడితే సరిపోవాలి కదా అనిపిస్తుంది. ఎలా పెడతామన్న దగ్గరే అసలు చిక్కు వస్తుంది.

చాలా చోట్ల చేసేది చల్లటి పట్టీని దాగలి మీద పెట్టి, లోపలి వంపు వైపు వరసగా సుత్తి దెబ్బలు వేయడం. కట్ట బరువు మోసేటప్పుడు వంపు విప్పుకుంటుంది కాబట్టి, సాగే ఒత్తిడి పడేది పట్టీ పై ముఖం మీద, అంటే సరిగ్గా ఆ లోపలి వంపు మీద. సుత్తి మొన వేసిన ప్రతి గాటూ ఒక పగులుకు మొదలవుతుంది. కర్మాగారంలో కూడా అదే ముఖాన్ని కొడతారు, అయితే అక్కడ చిన్న ఉక్కు గుండ్లను సమంగా వర్షంలా కురిపించి, పై పొరలో నొక్కుడు ఒత్తిడి నిలిచేలా చేస్తారు, గాట్లు పడనీయరు. దీనికి తోడు, ఒక వైపు వంచిన లోహం మళ్లీ ఎదురు వైపు వంగేటప్పుడు మునుపటి కంటే తక్కువ బలానికే లొంగిపోతుంది. దీన్ని మొదట వివరించిన జర్మన్ ఇంజనీరు పేరు మీద బౌషింగర్ ప్రభావం అంటారు. చల్లగా వంచిన కమాను కొద్ది నెలల్లో మళ్లీ కూర్చోవడానికి కారణం ఇదే. నా సొంత అంబాసిడర్‌కు ఒకసారి ఇలాగే చేయించుకుని, పుత్తూరు కట్టు కట్టించుకున్నవాడిలా ధీమాగా తిరిగాను. ఒక వానాకాలం గడిచేసరికి కారు మొదటికి రావడమే కాక, కుడివైపు రెండో పట్టీ సరిగ్గా ఒక సుత్తి గుర్తు దగ్గర విరిగింది.

పట్టీ మధ్యలో మాత్రం ఎర్రగా కాల్చి, వంచి, గాలికి వదిలేయడం అంతకంటే చెడ్డది, కాల్చిన చోట ఉక్కు మామూలు ఇనుములా మెత్తబడి, అక్కడే వంగిపోతుంది. సరైన పద్ధతిలో కట్టను పూర్తిగా విప్పి, ప్రతి పట్టీని శుభ్రం చేసి పగుళ్లు పరీక్షించి, పట్టీ మొత్తాన్ని కొలిమిలో కాకుండా వేడి అదుపులో ఉండే ఫర్నేసులో సుమారు 850 నుంచి 900 డిగ్రీల వరకు సమంగా వేడి చేసి, వంపు అచ్చులో నొక్కి, నూనెలో ముంచి గట్టిపరచాలి. అలా గట్టిపడిన పట్టీ గాజులా పెళుసుగా ఉంటుంది, దాన్ని మళ్లీ 450 డిగ్రీల దగ్గర కొంతసేపు కాస్తేనే స్ప్రింగు గుణం వస్తుంది. చివరగా కట్టను కూర్చి, వాడుకలో పడే బరువు కంటే ఎక్కువ బరువుతో కొన్నిసార్లు నొక్కి వదలాలి, తర్వాత కుంగవలసినదంతా అక్కడే కుంగిపోతుంది. చేయించదలచుకుంటే మేస్త్రీ గారిని మూడు సంగతులు అడగండి: ఫర్నేసులో వేడి చూపే మీటరు ఉందా, ముంచేది నూనెలోనా నీళ్లలోనా, ముంచిన తర్వాత మళ్లీ కాస్తారా. మూడింటిలో ఏ ఒక్కదానికి తడబడినా కట్టలు వెనక్కి తెచ్చుకోండి. లారీ కమాన్లు పెద్ద ఎత్తున తయారు చేసే చోట్లు చెన్నై పరిసరాల్లో వెతికితే, ఇలాంటి ఫర్నేసు ఉన్నవాళ్లు దొరికే అవకాశం తిరుపతిలో కంటే ఎక్కువ.

ఇంత చెప్పాక కూడా మీకు నా సలహా కొత్త జతే. కాల్చి వంపు పెట్టిన పట్టీలో ఎత్తు తిరిగి వస్తుంది, యాభై ఏళ్ల తుప్పు చేసిన సన్నని గుంతలు తిరిగి పూడవు. ఎం.జి.బి. 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ కర్మాగారంలో, రోడ్‌స్టర్, కప్పు బిగించి ఉండే జి.టి. రెండూ కలిపి అయిదు లక్షలకు పైగా తయారైంది, అందుచేత దాని వెనుక కమాన్లు బ్రిటన్‌లో ఈనాటికీ కొత్తగా దొరుకుతున్నాయి. బరువైన సరుకు కాబట్టి రవాణా, కస్టమ్స్ సుంకం కలిసి భారమే, దానికే ముందు డబ్బు కూడబెట్టండి, సీట్ల తోలూ క్రోమూ తర్వాత చూసుకోవచ్చు. ఆర్డరు చేసేటప్పుడు క్రోమ్ బంపరు రోడ్‌స్టర్ అని స్పష్టంగా రాయండి. జి.టి. బాడీ బరువెక్కువ కాబట్టి దాని కమాన్లు గట్టివి, రబ్బరు బంపరు కార్లవి ఎత్తువి, ఈ రెండింటిలో ఏది వచ్చినా మీ కారు తోక ఎత్తుకున్న తేలులా నిలబడుతుంది. మన రోడ్లకు ఆ ఎత్తే మేలని ఎవరైనా నచ్చచెప్పవచ్చు, వినకండి. ఒక వైపు మాత్రమే మార్చడం కూడా వద్దు. కమాన్లతో పాటే కట్ట ముందు చివరి చుట్టలో పట్టే బుష్‌లు (రబ్బరు తొడుగులు), వెనుక చివరను బాడీకి తగిలించే షాకిల్ రబ్బర్లు, యాక్సిల్ దగ్గర కట్టకు పైనా కిందా ఉండే రబ్బరు ప్యాడ్లు, యాక్సిల్ కొట్టుకునే ఆ బంప్ రబ్బర్లు, యాక్సిల్ కిందికి వేలాడకుండా పట్టే రబ్బరు పట్టాలు, కట్టను యాక్సిల్‌కు బిగించే కొత్త యు-బోల్టులు, నట్లు తెప్పించండి. పాత యు-బోల్టులు ఒకసారి సాగినవి, వాటిని తిరిగి వాడకూడదు.

సరుకు వచ్చేలోపు చేయవలసిన పని ఒకటుంది. కారు ఇరవై ఏళ్లు చెన్నై ఉప్పుగాలిలో ఉంది, ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు, కమాను చివరలు నేరుగా బాడీ రేకుకే బిగించి ఉంటాయి. ముందు చివర పట్టే చోటు సీట్ల వెనుక అడుగున ఉంటుంది, అక్కడా షాకిల్ పట్టే చోటా స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. రేకు లొంగితే ముందు వెల్డింగు పని, తర్వాతే కమాన్లు. ముందు చివర పెద్ద బోల్టు బుష్ లోపలి గొట్టంలో తుప్పుతో అతుక్కుపోయి ఉండటం దాదాపు ఖాయం, ఇప్పటి నుంచే రోజూ దానికి తుప్పు వదిలించే నూనె పట్టించండి. గ్యాస్ మంటతో వేడి చేద్దామంటే ఒప్పుకోకండి, పెట్రోలు పైపు, ట్యాంకు దూరంగా లేవు.

బిగించే రోజున బాడీని రెండు గట్టి స్టాండ్ల మీద నిలపండి, జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ కిందికి దూరకూడదు. యాక్సిల్‌ను వేరే జాకీతో మోయించాలి, వదిలేస్తే అది వెనుక బ్రేకు రబ్బరు గొట్టం మీద వేలాడుతుంది. కట్ట మధ్య బోల్టు తల యాక్సిల్ ప్యాడ్ రంధ్రంలో సరిగ్గా కూర్చున్నదో లేదో యు-బోల్టులు బిగించే ముందే చూసుకోవాలి, అది పక్కన ఆనితే యాక్సిల్ వంకరగా బిగిసి కారు పీతలా నడుస్తుంది. రబ్బరు బుష్‌లు ఎక్కించడానికి సబ్బు నీళ్లు చాలు, ఇంజన్ ఆయిల్, మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా తప్పు జరిగేది చివరి బిగింపు దగ్గర. కమాను చివరల బోల్టులను కారు స్టాండ్ల మీద, చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, రబ్బరు ఆ స్థితిలోనే పట్టుకుపోతుంది. కారు నేల మీదికి దిగగానే ప్రతి బుష్ మెలిపడి ఉంటుంది, కొంతకాలం ఎత్తుగా కనిపించి, తర్వాత రబ్బరు చిరిగి కూర్చుంటుంది, అప్పుడు అందరూ కొత్త కమాన్లను తిడతారు. కాబట్టి ఆ నట్లను ముందు వదులుగానే ఉంచి, కారును చక్రాల మీదికి దించి, కొన్నిసార్లు నొక్కి ఊపి, డ్రైవరు సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, అప్పుడు వర్క్‌షాప్ మాన్యువల్ చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) బిగించండి. రెండు వందల కిలోమీటర్ల తర్వాత యు-బోల్టులను మళ్లీ టార్క్ రెంచ్‌తో చూసుకోండి, కొత్త రబ్బరు ప్యాడ్లు నలిగి అవి కొంత వదులవడం మామూలే.

కొత్త కట్టలు మొదట్లో కాస్త ఎత్తుగా నిలబడి, కొన్ని వారాల్లో తమ స్థానానికి దిగుతాయి. దిగాక ఆ నాలుగు కొలతలూ మళ్లీ తీసి, పాతవాటి పక్కన రాసుకోండి. ఇన్నాళ్లూ వెనుక కుంగి ఉండటం వల్ల మీ హెడ్‌లైట్లను ఎవరో కిందికి దించి సరిచేసి ఉంటారు, ఇప్పుడు తోక లేచాక వాటి వెలుగు బంపరు ముందే నేల మీద పడుతుంది. చంద్రగిరి దాటి చీకట్లో వెళ్లే ముందు ఇంటి గోడ ఎదుట కారు నిలిపి వాటిని కూడా సరిచేయించుకోండి.